తాత కెమెరాకు నాలుగు పెన్సిల్ సెల్లులు

ఏడో తరగతి పిల్లవాడొకడు సంచిలోంచి పాత పేపరులో చుట్టిన పొట్లం తీసి నా బల్ల మీద పెట్టాడు. "తాత క్యామెరా సార్. పనిచేస్తుందా చూడండి" అన్నాడు. విప్పితే యాషికా ఎలక్ట్రో 35. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లిళ్లకు ఆ తాత ఈ కెమెరా వేసుకునే తిరిగాడట. ఆయన పోయాక అది అటకెక్కింది.

1966లో జపాన్‌లో మొదలైన ఈ రకం కెమెరాకు ఒక గుణం ఉంది. బ్యాటరీ లేకపోయినా షట్టరు 'టిక్'మంటుంది. కానీ అప్పుడు ఎండైనా నీడైనా ఒకటే వేగం, సెకనులో 500వ వంతు. వెలుతురును కొలిచి షట్టరు ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించేది లోపలి విద్యుత్ వలయం. కాబట్టి టిక్‌మంది కదా, బాగుందిలే అనుకోవడానికి లేదు. బ్యాటరీ పెట్టి చూడాలి. దీనికి కావలసింది 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీ. అది ఇప్పుడు అంగళ్లలో దొరకదు.

ఎందుకు దొరకదో చెప్పడానికి ఒక పీరియడ్ పట్టింది. జపాన్‌లోని మినమాటా ఊళ్లో ఒక కర్మాగారం పాదరసం కలిసిన నీటిని సముద్రంలోకి వదిలింది. అక్కడి చేపలు తిన్నవాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. ఆ జబ్బును 1956లో గుర్తించారు. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ ఊరి పేరే పెట్టారు. పాత బ్యాటరీ ఇంకా కెమెరా గూట్లోనే ఉంది, అంచున తెల్లటి పొక్కు కట్టి. దాన్ని పిల్లల చేతికి ఇవ్వలేదు. నేనే ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని తీసి, మూత ఉన్న డబ్బాలో వేశాను. ఇళ్లలో ఇలాంటి పాత కెమెరాలుంటే తల్లిదండ్రులు ముందు చూడవలసింది ఆ గూడే.

ఇంకొక జాగ్రత్త. పిల్లలందరూ కెమెరా వెనక తలుపు తెరవమని గోల. నేను వైండ్ చేసే మీట ఒకసారి తిప్పి, ఎడమవైపు ఉన్న గుండీని చూడమన్నాను. అదీ తిరిగింది. అంటే లోపల ఫిల్మ్ రీలు ఉంది! తెరిచి ఉంటే తాత తీసినదంతా వెలుతురుకు మాడిపోయేది. రీలును వెనక్కి చుట్టడానికి బ్యాటరీ అక్కర్లేదు. అడుగున ఉన్న బొత్తం నొక్కి పిల్లవాడి చేతనే చుట్టించాను. బిగువు పూర్తిగా సడలాక తెరిచి, రీలును వాళ్లమ్మకు పంపాను.

ఇక కరెంటు. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లులు నాలుగు వరుసగా పెడితే 6 వోల్టులు. 5.6కు దగ్గరే, ఈ కెమెరా తట్టుకుంటుంది. (మొబైల్ ఛార్జర్ 5 వోల్టులే కదా సార్ అన్నారు ఒకరిద్దరు. గోడ ప్లగ్గుతో పిల్లల ప్రయోగాలు నాకు ఇష్టం లేదు.) అట్ట కాగితాన్ని గొట్టంలా చుట్టి నాలుగు సెల్లులూ దూర్చాం. రెండు కొసలా చాక్లెట్ రేకు మడిచి పెట్టి, తీగలు ఆనించి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాం. గూట్లో తుప్పును నిమ్మరసం అద్దిన దూదితో తుడిచి, ఆరబెట్టాం. ఒక తీగ గూటి లోపలి రేకుకు, రెండోది మూత బిగించే లోహపు అంచుకు. పరీక్ష మీట నొక్కాం.

వెలగలేదు.

తీగలు మార్చాం, రేకు మళ్లీ మడిచాం. లాభం లేదు. కెమెరా తెచ్చిన పిల్లవాడి మొహం చూడలేకపోయాను. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి గొట్టాన్ని విప్పి, "ఒకడు వెనక్కి తిరిగి నిలబడె సార్" అంది. నిజమే. మూడో సెల్లు తలకిందులుగా ఉంది. మూడు ముందుకు తోస్తుంటే ఒకటి వెనక్కి లాగితే మిగిలేది 3 వోల్టులే. పాఠంలో దీన్ని 'శ్రేణి సంధానం' అంటారు. ఆ మాట ఆ అమ్మాయికి పరీక్షలో ఒక్కసారీ గుర్తు రాలేదు. ప్రార్థన వరుస మాత్రం తెలుసు. అందరి మొహాలూ ఒకవైపే ఉండాలని తెలుసు.

సెల్లు తిప్పి పెట్టాం. ఫిల్మ్ లెక్క చూపే చిన్న కిటికీ ఆకుపచ్చగా వెలిగింది. తరువాత షట్టరు పరీక్ష. వెనక తలుపు తీసి, లెన్సును కిటికీవైపు తిప్పి నొక్కితే రెప్పపాటు వెలుగు. వెలుతురును కొలిచే కన్నాన్ని వేలితో మూసి నొక్కితే ఒక టిక్, చాలాసేపటికి ఇంకొక టిక్. ఆ మధ్య కాలాన్ని క్లాసంతా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. వలయం బతికే ఉంది.

సెల్లు తిప్పిన ఆ అమ్మాయి తండ్రి అంతకు వారం ముందే టీసీ అడిగి వెళ్లారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. 2006 చట్టంతో ఇక్కడి బడుల్లో దశలవారీగా తమిళం తప్పనిసరైంది, ఇంగ్లీషు ఎటూ కావాలి. "ఇంక తెలుగులో సైన్స్ ఏమిటికి సార్?" అన్నారు. నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈసారి ఆయన వచ్చినప్పుడు ఆ అట్ట గొట్టం చూపించి, జరిగింది చెప్పాను. తిప్పి తిప్పి చూశారు. జూన్‌లో చెబుతానన్నారు.

రీలును బెంగళూరులో కడగడానికి ఇచ్చారు, ఇంకా రాలేదు. ఇన్నేళ్ల ఫిల్మ్ మీద ఏమైనా మిగిలిందో లేదో. పిల్లవాడి అవ్వ మాత్రం బడికి వచ్చి, "వచ్చినా ఆయప్ప ఉండడు కదా సార్, తీసింది ఆయప్పే కదా" అంది. మనవడు కెమెరా ముందువైపు ఉన్న చిన్న మీటను కిందికి లాగి ఆమెకు చూపించాడు. మీట గర్రుమంటూ మెల్లగా పైకి పోయింది, షట్టరు దానంతట అదే పడింది. "ఇది పెట్టి తాత పరుగెత్తి పోయి నీ పక్కన నిలబడొచ్చు అవ్వా" అన్నాడు. అవ్వ ఇంకోసారి లాగమంది.