భక్షంలో పప్పుంది, పైన మైదా ఎందుకు?

మా లైన్లో దానికి ఇంటికో పేరు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మేము భక్షం అంటాం. సింధనూరు క్యాంపుల్లోని కోస్తావాళ్ళు బొబ్బట్టు అంటారు. పక్కింటి కన్నడ అక్కకు అది హోళిగె. ఏ పేరైనా పండగకు తప్ప మా పొయ్యెక్కదు.

పోయిన ఉగాదికి ముందు మా పెద్దపిల్లకు రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 వచ్చింది. ఉండాల్సింది 12. "అన్నం బాగానే తింటది కదమ్మా" అన్నా. "అన్నమొక్కటే తింటది" అంది నర్సమ్మ. నిజమే. మిల్లుకు పోయే తొందరలో నేను పెట్టేది అన్నం, పలుచటి చారు.

100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 7 గ్రాముల దాకా ఉంటే, అంతే శనగపప్పులో 20 గ్రాములు. ఇనుమూ పప్పులోనే ఎక్కువ. పైగా ధాన్యంలో తక్కువైన లైసిన్‌ను పప్పు పూడుస్తుంది, పప్పులోని లోటును ధాన్యం పూడుస్తుంది. ఎక్కడో ఎల్ సాల్వడార్ దేశంలో మక్కపిండిలో ఉడికిన చిక్కుడు గింజలు, జున్ను పెట్టి పెనం మీద కాలుస్తారు. పుపూసా అంటారు. మక్కలను ముందు సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు, దాంతో వాటిలోని ఒక బి విటమిను ఒంటికి పడుతుంది. 2005లో దాన్ని జాతీయ వంటకం చేసుకున్నారు. అక్కడ అది పండగ తిండి కాదు, రోజూ తినేదే.

మనమేమో తెల్లగా రావాలని మైదా తెస్తాం. పొట్టు, మొలక తీసేసిన పిండి అది. గోధుమపిండి కలిపితే కొంచెం గట్టిగా వస్తుంది, అంతే. నేను బెల్లం కూడా సగానికి తగ్గించా. చక్కెర జబ్బున్న మా మామకు బెల్లమే వేయను, ఉడికిన పప్పు, మెంతికూర, ఉప్పుకారం జొన్నపిండిలోనే కలిపి రొట్టె తడతా. పప్పు ఉడికిన నీళ్ళు పారబోయకండి, కట్టుచారు పెట్టండి. పక్కన నిమ్మబద్ద ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్నవెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా అందదు, గంటైనా ఆగాలి.

భక్షాలతోనే రక్తం పట్టదు, మాత్రలు ఆపలేదు. మూడు నెలలకు పిల్లకు 10 దాటింది. అన్నం తిని మిల్లు గేటు దగ్గర చాయ్ తాగే అలవాటు మాత్రం నాకే ఇంకా పోలేదు.