పెద్ద కుక్కను పెంచుతున్నారా? గేటుకు బోర్డు ఒక్కటే చాలదు



ఇంటికి కాపలా ఉంటుందని చాలామంది జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, డాబర్‌మాన్ వంటి పెద్ద జాతి కుక్కలను పెంచుతున్నారు. గేటుకు "కుక్కలున్నవి, జాగ్రత్త" అని బోర్డు తగిలిస్తున్నారు. ఆ బోర్డు వచ్చేవారిని హెచ్చరిస్తుందే గాని, పెంచేవారి బాధ్యతను తగ్గించదు.

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌కు భోజనం పార్సిల్ తెచ్చిన యువకుని మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ ఉరికింది. తప్పించుకోబోయి అతడు మూడవ అంతస్తు నుండి కింద పడ్డాడు. కొన్ని రోజులకు ఆస్పత్రిలో మరణించాడు. తలుపు తీసేముందు కుక్కను వేరే గదిలో ఉంచడం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించాలి.

పెద్ద కుక్కలన్నీ చెడ్డవి కావు. అయితే వాటి బరువు, దవడల బలం ఎక్కువ గనుక కరిస్తే గాయం లోతుగా, కండ చీలిపోయేలా ఉంటుంది. పసిపిల్లలకైతే కాటు ఎక్కువగా ముఖానికి, మెడకు తగులుతుంది.

పెంచేవారు పాటించవలసినవి:

1. కూనగా ఉన్నప్పుడే కొత్త మనుషులను అలవాటు చేయాలి. చెప్పిన మాట వినడం నేర్పాలి. కొట్టి, రెచ్చగొట్టి పెంచకూడదు.

2. రోజంతా గొలుసుతో కట్టి ఉంచకూడదు. రెండు పూటలా నడిపించాలి. మన ప్రాంతపు మే నెల ఎండలకు ఒత్తైన బొచ్చు గల కుక్కలకు వడదెబ్బ తగులుతుంది. నీడ, నీరు తప్పనిసరి.

3. వీధిలోకి తీసుకువెళ్ళేటప్పుడు దానిని ఆపగల పెద్దవారే గొలుసు పట్టుకోవాలి. జనం ఉన్నచోట మూతికి చిక్కం వేయాలి.

4. ఎంత సాధువైనా పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకూడదు. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలను దగ్గరకు పోనివ్వకూడదు.

5. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ప్రతి ఏటా వేయించి కార్డు భద్రపరచాలి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఒకవేళ కుక్క కరిస్తే, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగండి. రక్తం ఎక్కువగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి వెంటనే ఆస్పత్రికి రండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి. "మా కుక్కకు టీకా వేయించాం, మీకేమీ కాదు" అన్న మాట నమ్మి ఇంట్లో ఉండిపోకండి. లోతైన గాయాలకు టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కాబట్టి డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ వచ్చి టీకాలు పూర్తి చేసుకోండి.

కుక్క యజమానులకు ఒక మనవి. మీ కుక్క ఎవరినైనా కరిస్తే దానిని దాచిపెట్టకండి, దూరంగా వదిలివేయకండి. గాయపడినవారిని మీరే ఆస్పత్రికి తీసుకురండి. కుక్కను పది రోజులు కట్టి ఉంచి గమనించండి. అది జబ్బుపడినా, చనిపోయినా వెంటనే డాక్టరుకు తెలియజేయండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట ఎదుటివారి వైద్యానికి చాలా ముఖ్యం.