జైళ్ల మంత్రి కాని ఖైదీ

జైలుకెళ్లిన ఉద్యమకారులు స్వాతంత్ర్యం వచ్చాక చట్టసభలకు వెళ్లడం మనకు తెలిసిన దారే. ఆ తర్వాత వాళ్లను దేనితో తూచాలన్నదే చిక్కు. పదవులే కొలతైతే దక్షిణాఫ్రికా నాయకుడు అహ్మద్ కత్రాడా లెక్క ఒక్క వాక్యంలో తేలిపోతుంది: 1994 నుంచి 1999 దాకా ఒక విడత ఎంపీ, అధ్యక్షుడు మండేలాకు పార్లమెంటరీ సలహాదారు. ఆ కొలత సరిపోదని నా వాదన. పదవిని పట్టుకు వేలాడకపోవడం వల్లే చివరి రోజుల్లో సొంత పార్టీని నిలదీసే అర్హత ఆయనకు దక్కింది.

1929లో ష్వైజర్-రెనెకె అనే చిన్న ఊళ్లో, గుజరాత్ నుంచి వలసపోయిన కుటుంబంలో పుట్టారు. అక్కడ తెల్లవాళ్ల బళ్లోగానీ నల్లవాళ్ల బళ్లోగానీ భారతీయుల పిల్లలకు చోటు లేదు. ఎనిమిదేళ్ల వాడిని జోహన్నెస్‌బర్గ్ పంపారు. పదిహేడేళ్లకే సత్యాగ్రహంలో జైలు చూశారు. 1964 జూన్‌లో, వర్ణవివక్ష సర్కారుపై కుట్ర పన్నారంటూ నడిపిన రివోనియా కేసులో మండేలా, సిసులులతో పాటు యావజ్జీవ శిక్ష పడింది. రాబెన్ ద్వీపం జైల్లో వివక్ష బట్టల దగ్గరే మొదలైంది. అందరికంటే చిన్నవాడైన కత్రాడా భారతీయుడు కాబట్టి నిండు ప్యాంటు, మేజోళ్లు ఇచ్చారు. పెద్దవాడైన మండేలాకు నిక్కరు. ఈయనకు రొట్టె, ఆయనకు అదీ లేదు. ఆ ఎక్కువ వాటా నాకొద్దని కత్రాడా అంటే పెద్దలు ఒప్పుకోలేదు: వచ్చింది వదులుకోకు, అందరికీ రావాలని పోరాడదాం అన్నారు. 1989 అక్టోబరులో విడుదలయ్యేసరికి ఆయన ఖైదు ఇరవయ్యారేళ్లు దాటింది.

1994లో ఆయనను జైళ్ల శాఖ మంత్రిగా అనుకున్నారు. ఆ శాఖ ఐక్య ప్రభుత్వంలో భాగస్వామి అయిన ఇంకాతా పార్టీకి వెళ్లింది, కత్రాడా పక్కకు తప్పుకున్నారు. ఇది త్యాగమేమిటి, సంకీర్ణ బేరమే కదా అనవచ్చు. నిజమే, బేరం ఉంది. కానీ ఆ తర్వాత ఆయన ఇంకో కుర్చీ కోసం పైరవీ చేసినట్టు ఎక్కడా కనబడదు. 1999లో మండేలాతో పాటే పార్లమెంటు వదిలేశారు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. సొంత పార్టీలో అవినీతి ముదురుతుంటే ఏళ్ల తరబడి బయట ఎందుకు మాట్లాడలేదు? దీన్ని తోసిపుచ్చలేం. పార్టీ పట్ల విధేయతే ఆయన నోరు కట్టేసింది, దాని ఖరీదు దేశం చెల్లించింది. అదే పార్టీకి చెందిన అధ్యక్షుడు జాకబ్ జూమా సొంతింటికి సర్కారు సొమ్ము ఖర్చైన వ్యవహారంలో 2016 మార్చిలో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టాకే, రాజీనామా చేయమని కత్రాడా బహిరంగ లేఖ రాశారు. అప్పటికి ఎనభై ఆరేళ్లు. ఆలస్యమే. అయినా నీకు మంత్రి పదవి రాలేదనే ఈ అక్కసు అని ఆయనను ఎవరూ అనలేకపోయారు. జూమా ఆ లేఖను పట్టించుకోలేదు. ఏడాదికి, 2017 మార్చి 29న, కత్రాడా అంత్యక్రియల్లో మాజీ అధ్యక్షుడు మొట్లాంతే అందులోని మాటలను చదివి వినిపించారు. అక్కడే ఉన్న ఆర్థిక మంత్రి ప్రవీణ్ గోర్ధన్‌ను జూమా రెండు రోజులు తిరక్కుండానే పదవి నుంచి తప్పించారు. జూమా తప్పుకోవడానికి 2018 ఫిబ్రవరి దాకా పట్టింది.