తెరమీద నేరము – మనలోని తీర్పు



వేంపల్లెలో ముప్పది యేండ్లు తెలుగు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్న నేను పోలీసువారి వ్యవహారమును గూర్చి మాటలాడుట మీకు వింతగా దోచవచ్చును. దానికొక కారణము గలదు. నాయొద్ద చదువుకొన్న కుఱ్ఱవాడొకడు, దొంగిలింపబడిన మోటారు సైకిళ్లను గూర్చిన విచారణలో నలుగురితోపాటు పట్టువడెను. వారిని వరుసగా నిలువబెట్టిన దృశ్యము నాటి రాత్రియే టెలివిజనులో వచ్చెను. కొన్ని దినములకు వానికి నేరముతో సంబంధము లేదని తేలినది, విడిచిపెట్టిరి. ఆ విడుదల యే తెరమీదను రాలేదు. కుదిరిన పెండ్లి మాత్రము తప్పిపోయెను. అరుగుమీద గూర్చుండి “కన్నులార చూచితిమి గదా” యని పలికిన పెద్దలలో నేనును నొకడను. అందువలన నీ నాలుగు మాటలు చెప్పదలచితిని.

నిజమైన పోలీసు దృశ్యములను వినోదముగా జూపు నాచారము అమెరికాలో బలపడినది. 1989 మార్చి 11వ తేదీన ‘కాప్స్’ అను కార్యక్రమము అక్కడ మొదలయ్యెను. కెమెరావారు పోలీసు బండిలోనే కూర్చుండి వెంట దిరుగుదురు. నటులకు గాని, కథ వ్రాయువారికి గాని జీతములక్కఱలేదు. కావున ఖర్చు స్వల్పము, లాభ మధికము. రాత్రియంతయు తిరిగి చిత్రించినదానిలో పరుగు, పెనుగులాట, ఏడ్పు గల కొద్ది నిమిషములే తెరకెక్కును. మనము కళ్లములో జొన్నలు తూర్పారబట్టునప్పుడు పొల్లు పోయి గింజ నిలుచును. ఇచ్చట శాంతముగా గడచిన గంటలన్నియు పొల్లువలె నెగిరిపోయి, అలజడి యొక్కటియే గింజయై నిలుచును. చూచువాడు లోకమంతయు నట్లే యున్నదని భ్రమపడును. 2020 మే 25న మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అనునాతడు పోలీసుల చేతిలో మరణించిన పిదప, జూనులో నా కార్యక్రమమును మాన్పించిరి. అయినను 2021లో వేఱొక చోట మరల మొదలుపెట్టిరి. రుచి మరగిన నాలుక యూరకుండునా?

ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము 1999లోనే యొక హద్దు గీచినది. పోలీసులు తెల్లవాఱుజామున నొక యింట జొరబడుచు పత్రికలవారిని గూడ వెంటబెట్టుకొనిపోయిరి. వెదకిన మనుష్యుడు దొరకలేదు. వాని తల్లిదండ్రులు నిద్రబట్టలతో పరులయెదుట నిలువవలసివచ్చెను. వారంటు పోలీసులకే గాని ప్రేక్షకులకు గాదని న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి.

మన తెలుగునాట ఇరువదినాలుగు గంటల వార్తాప్రసారములు 2004 ప్రాంతమున వ్యాపించిన తరువాత ఈ జాడ్యము మనకును సోకినది. ‘నేరాలు–ఘోరాలు’ అను కార్యక్రమపు పేరు మన పల్లెలలో సామెతయే యైనది. హైదరాబాదులో రాత్రివేళ త్రాగి వాహనము నడుపువారిని పోలీసులు పరీక్షించుచుండగా, కెమెరాలు వారి తూలుపాటును, తిట్లను, కన్నీళ్లను ఇంటింటికి జేర్చినవి. త్రాగి బండి నడపుట నేరమే. దానికి కోర్టు శిక్ష వేయును. ఊరందఱిచే నవ్వించుట యను శిక్ష మాత్రము ఏ చట్టములోను లేదు.

ఇక మీరు గమనింపవలసిన సంగతులు రెండు గలవు. పోలీసువారు నిందితుని చూపునప్పుడు మొగమునకు ముసుగు వేయుట మీరు చూచియేయుందురు. సాక్షి వానిని పదిమందిలో గుర్తుపట్టవలసిన పరీక్ష యొకటి జరుగును. మొగము ముందే తెరమీద కనబడినచో, సాక్షి నేరస్థలమున జూచినవానిని గుర్తించెనా, టెలివిజనులో జూచినవానినా యను సందేహము కలుగును. అప్పుడు నిజమైన దొంగయు తప్పించుకొనును. రెండవది: “నేరము నొప్పుకొన్నాడు” అని వార్తలలో వినుచుందుము. పోలీసు నెదుట ఒప్పుకొనిన మాట నేరస్థాపనకు సాక్ష్యముగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టములోని 25వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోని 23వ సెక్షనును ఆ నియమమునే నిలిపినది. కోర్టు నమ్మని మాటను అరుగుమీద మనమెందుకు నమ్మవలెను?

కెమెరా దుష్టమైనదని నా యభిప్రాయము గాదు. 2020 డిసెంబరు 2న మన సుప్రీముకోర్టు ప్రతి పోలీసు స్టేషనులోను కెమెరాలు అమర్చవలెననియు, ఆ దృశ్యములను కనీస మొక సంవత్సరము భద్రపఱుపవలెననియు నాజ్ఞాపించినది. లోపలనున్న నిస్సహాయుని దెబ్బలనుండి కాపాడుటయే దాని యుద్దేశము. కత్తి వైద్యుని చేతనుండుటకును, దారిదోపిడికాని చేతనుండుటకును భేదము లేదా?

పెద్దలారా! పల్లెలో మీ మాటకు విలువ గలదు. తెరమీద నొక మనుష్యుని జూచి పిల్లలు “వీడే దొంగ” యన్నప్పుడు “విచారణ ముగిసినదా? కోర్టు ఏమన్నది?” అని యడుగుడు. నిందితుడు వేఱు, దోషి వేఱు. ఈ రెండు పదముల భేదమును తరగతిలో పిల్లలకు బోధించియు, అరుగుమీద మఱచిన యుపాధ్యాయుడను నేను. మొన్న ఆ కుఱ్ఱవాని యింటికి బోయి, వాని తండ్రితో ఆ మాట చెప్పి క్షమాపణ వేడితిని. ఆయన యేమియు పలుకక నాకు మంచినీళ్లిచ్చెను.

సెలవు.