వీసా వచ్చింది, కానీ ఏ వీసా?

రాజధాని నగరంలోనూ, నోయిడా, గురుగ్రామ్, ఫరీదాబాదులలోనూ ఉద్యోగరీత్యా నివసిస్తున్న తెలుగు కుటుంబాలలో చాలమందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి స్వగ్రామం నుండి ఒక బంధువు ఇంటికి వస్తాడు. సంచిలో ఇంటివారు పంపిన సకినాలు, పచ్చడి సీసా. చొక్కా లోపలి జేబులో పాస్‌పోర్టు. రెండు రోజులుండి, ఎవరో ఏజెంటును కలిసి, ఇక్కడినుండే విమానం ఎక్కవలెనని అతని సంకల్పం. చాణక్యపురికి ఏ బస్సు పోతుందని అడుగుతాడు. ఢిల్లీలో ఉన్నవారికి అన్నీ తెలుసునని ఊరివారి నమ్మకం. నిజానికి మనలో చాలమందిమి ఆ రాయబార కార్యాలయాల గోడలను బస్సు కిటికీలో నుండి చూచినవారమే.

మా శాఖలోని ఒక సహోద్యోగి ఇంటికి జగిత్యాల ప్రాంతం నుండి మేనల్లుడు ఇట్లే వచ్చాడు. తొమ్మిదవ తరగతితో చదువు మానినవాడు. దుబాయిలో ఒక గోదాములో పని అని ఏజెంటు చెప్పాడట. తండ్రి అర ఎకరం తాకట్టు పెట్టి డబ్బు కట్టాడు. "మామా, వీసా వచ్చింది గదా, ఇంక భయమేముంది?" అంటూ కాగితం తీసి చూపాడు. సహోద్యోగి కళ్ళద్దాలు పెట్టుకొని చదివితే అది ఉద్యోగ వీసా కాదు, సందర్శక వీసా.

వీసా అనగా మరొక దేశం తన గడప దాటుటకు ఇచ్చే అనుమతి. ఏ పని నిమిత్తం దాటుతున్నామో దానిమీదనే వ్రాసి ఉంటుంది. చూచి రావడానికి ఇచ్చిన అనుమతితో పనిలో చేరితే అక్కడి చట్టం దృష్టిలో అది నేరం. జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయుటకు చేతిలో ఒప్పందం ఉండదు. గడువు దాటితే రోజుల లెక్కన జరిమానా పెరుగుతుంది. "అక్కడికి వెళ్ళాక వీసా మార్పిస్తాము" అనే ఏజెంటు మాట పూర్తిగా అబద్ధమూ కాదు. అమీరాతు దేశంలో యజమాని ముందుకు వస్తే అట్లా మార్చుకొనే పద్ధతి ఉన్నది. సగం నిజమైనందువల్లనే ఆ మాట మరింత ప్రమాదకరం. యజమాని రాకపోతే ఏమిటన్నది ఏజెంటు చెప్పడు.

ఇక్కడ మరొక విషయం గమనించవలసి ఉన్నది. బయటి దేశం గడప ఒకటైతే, మన దేశపు గడప మరొకటి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా 'ఇ.సి.ఆర్.' తరగతికి చెందుతుంది. అట్టివారు సౌదీ అరేబియా, కువైట్, కతార్, ఒమాన్, బహ్రెయిన్, అమీరాతు, మలేషియా మొదలుగా గల 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందాలి. యాభై ఏళ్ళు దాటినవారికి, ఆదాయపు పన్ను చెల్లించువారికి, మూడేళ్ళు విదేశంలో ఉండి వచ్చినవారికి ఈ నిబంధన వర్తించదు. ఈ అనుమతిని మన పల్లెవాసులు ఒక అడ్డంకిగా భావిస్తారు. కాని యజమాని ఎవరు, జీతమెంత, వసతి ఎవరిది అన్న సంగతులు మన ప్రభుత్వపు 'ఈ-మైగ్రేట్' దస్త్రంలోకి ఎక్కేది ఆ అనుమతి తీసుకున్నప్పుడే. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా లభించేదీ అప్పుడే. రెండేళ్ళకు దాని రుసుము 275 రూపాయలు మాత్రమే. సందర్శక వీసాతో పంపే ఏజెంటు తప్పించుకొనేది సరిగా ఈ గడపనే.

కాగితం చూచి కడలి దాటడం మనవారికి క్రొత్త కాదు. కోరంగి రేవు పేరు మీదుగానే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అన్నారు. 1903 మొదలు మద్రాసు నుండి ఫిజీ చెరకు తోటలకు పోయిన కూలీలు వేలిముద్ర వేసిన ఒప్పందమే 'గిర్మిట్' అయినది. ఆ కాగితంలో ఏమున్నదో వారిలో ఎందరికి తెలుసునో!

మేనల్లుని విషయంలో సహోద్యోగిని అన్నిటికంటె ఆశ్చర్యపరచినది అతడిని ఢిల్లీకి రప్పించడమే. ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చాణక్యపురిలోని అక్బర్ భవన్‌లో ఉన్నమాట నిజమే. కాని హైదరాబాదులోనూ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉన్నది. శంషాబాదు నుండి దుబాయికి విమానమూ ఉన్నది. ఎరిగినవారు ఉన్న ఊరిని తప్పించి పరాయి ఊరికి ఎందుకు రమ్మన్నారని ఏజెంటును అడగడం అవసరం. రిజిస్టరైన ఏజెంటుకు సంఖ్య ఉంటుంది, అది ఈ-మైగ్రేట్‌లో కనబడుతుంది. అతడు తీసుకొనదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. రసీదు లేని లక్షలకు ఏ చట్టంలోనూ చోటు లేదు. ఊరిలోని ఉపఏజెంటు ఎంత దగ్గరి బంధువైనా చట్టం అతడిని గుర్తించదు. ప్రభుత్వపరంగా తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అను సంస్థలు విదేశీ నియామకాలు చేపడుతున్నాయి. మనవారికి వీటికంటె సంతలో కలిసిన మనిషి మీదనే గురి ఎక్కువ.

చదువుకున్నవారు దీనిని చూచి నవ్వనక్కరలేదు. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం పాఠకులకు గుర్తుండవచ్చును. కంప్యూటరుపై డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి యువకులను కంబోడియాకు చేర్చి, అక్కడ నిర్బంధించి, సైబర్ మోసాలు చేయించారు. నాంపెన్‌లోని మన రాయబార కార్యాలయం కల్పించుకొన్న పిమ్మట పలువురు తిరిగి రాగలిగారు. కంబోడియా ఆ 18 దేశాలలో లేదు. పదవ తరగతి దాటినవారికి ఎమిగ్రేషన్ అనుమతీ అక్కరలేదు. అనగా పత్రాన్ని తామే చదువుకొనవలసినవారు వారు.

అమెరికా సంగతి వేరు. అక్కడి హెచ్-1బి వీసాలు ఏటా 65,000, అమెరికాలో పై చదువు చదివినవారికి మరి 20,000. అభ్యర్థులు అంతకు మించినప్పుడు లాటరీ. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు మొక్కి, వీసా వచ్చాక నూట ఎనిమిది తీర్చే పిల్లలను చూచి చిరునవ్వు వస్తుంది గాని, లాటరీ అన్న తరువాత ఇంకేమి చేయగలరు? 2025 సెప్టెంబరులో క్రొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపును విధిస్తూ అమెరికా అధ్యక్షుని ప్రకటన వెలువడినది. ఆ వారం మన కాలనీలో సాయంకాలపు నడకలో మరొక మాట వినబడలేదు.

ధ్రువపత్రాల విషయంలోనూ దేశానికొక పద్ధతి. 2005 నుండి భారతదేశం అపోస్టిల్ ఒడంబడికలో ఉన్నది. అందులో ఉన్న దేశాలకు విదేశాంగ శాఖ ముద్ర ఒక్కటి చాలును. సౌదీ అరేబియా 2022లో చేరినది. కువైట్, కతార్, అమీరాతు చేరలేదు గనుక వారి రాయబార కార్యాలయపు ముద్ర కూడ కావాలి. దేశం పేరు నిశ్చయం కాకముందే ముద్రలకై డబ్బు ఖర్చు పెట్టడం వృథా.

మన సిబ్బందికి ఒక మాట: పాస్‌పోర్టు కొరకు పై అధికారికి ముందస్తు సమాచార లేఖ ఇచ్చి దరఖాస్తు చేయవచ్చును. కాని విదేశంలో ఉద్యోగం చేపట్టడానికి సంస్థ అనుమతి వేరుగా అవసరం. వీసా చేతికి వచ్చిన తరువాత గాక, దరఖాస్తుకు ముందే సిబ్బంది విభాగాన్ని సంప్రదించడం మేలు.

ఆ మేనల్లుడు విమానం ఎక్కలేదు. రెండు రోజులు మామతో మాట్లాడలేదు, అత్త పెట్టిన అన్నం సరిగా తినలేదు. తండ్రి ఫోనులో కేకలు వేశాడు. ఏజెంటు సగం డబ్బు మాత్రమే తిరిగి ఇచ్చాడు. మిగిలిన దానికి వడ్డీ పెరుగుతూనే ఉన్నది. ఎనిమిది నెలల తరువాత రిజిస్టరైన ఏజెంటు ద్వారా, ఎమిగ్రేషన్ అనుమతితో, ఉద్యోగ వీసా మీద కతార్ వెళ్ళాడు. ఈసారి ఢిల్లీ రాలేదు, శంషాబాదులోనే ఎక్కాడు. ఎక్కేముందు కాగితాలన్నింటికీ ఫోటోలు తీసి మామకు పంపాడు. ఆయన మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకొని, జీతం వ్రాసిన చోట రెండుసార్లు చదివి, "వెళ్ళిరా నాయనా" అని జవాబు ఇచ్చాడు.