నాలుగు బ్యాటరీల బలం

1989 ఏప్రిల్ 21న నింటెండో సంస్థ చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ యంత్రం గేమ్‌బాయ్‌ని జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. ధర 12,500 యెన్లు. చేతిలోకి తీసుకోగానే కనబడేవన్నీ లోపాలే. తెరకు రంగుల్లేవు, పాచి పట్టినట్టున్న ఆకుపచ్చ మీద నాలుగు ఛాయలు, అంతే. వెనక నుంచి వెలుగు రాదు కాబట్టి కిటికీ దగ్గరో దీపం కిందో కూర్చుని, అంచున ఉన్న చిన్న చక్రం తిప్పుతూ, డబ్బాను అటూ ఇటూ వంచి చూసుకోవాలి. బొమ్మ జోరుగా కదిలితే వెనకాలే మసకగా ఓ చార. లోపల ఉన్నది 8 బిట్ల ప్రాసెసర్, వేగం 4.19 మెగాహెర్ట్జ్. ఆ తరహా చిప్పులు పుట్టి అప్పటికే పదేళ్లు దాటింది. అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటేడు సెగా గేమ్ గేర్ వచ్చాయి. రెండింటికీ రంగుల తెర, వెనక వెలుగు. కాగితం మీద పోలిస్తే గేమ్‌బాయ్ వాటి ముందు నిలవదు. తీరా లెక్క తేలాక, 1998లో వచ్చిన రంగుల మోడల్‌తో కలిపి గేమ్‌బాయ్‌లు 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గేర్ కోటి దగ్గర ఆగింది, లింక్స్ ఆ దరిదాపులకూ రాలేదు. చేత్తో పట్టుకుని ఆడే యంత్రం బలాన్ని ఆడేవాళ్ల తీరికతో, జేబుతో కొలవాలి తప్ప ప్రాసెసర్ వేగంతో కొలిస్తే ఈ అంకెలు అర్థం కావు. గేమ్‌బాయ్ లోపాల్లో ముఖ్యమైనవి కావాలని ఒప్పుకున్నవి. ప్రతిదానికీ బదులుగా ఏదో ఒకటి దక్కింది.

ఏం దక్కిందో బ్యాటరీల దగ్గరే తేలిపోతుంది. లింక్స్, గేమ్ గేర్ తెరల వెనక సన్నటి ఫ్లోరసెంట్ గొట్టం వెలుగుతూ ఉండేది. కరెంటులో పెద్ద వాటా దానికే. ఆరు పెన్సిల్ బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటలకు చేతులెత్తేసేవి. గేమ్‌బాయ్‌కి నాలుగే బ్యాటరీలు, వాటితో పదిహేను గంటలు ధీమాగా నడిచేది. అరవై గంటల ఆటకు గేమ్‌బాయ్ 16 బ్యాటరీలు తింటే, లింక్స్ ఎంత పొదుపుగా చూసినా 72 తింటుంది. అమెరికాలో లింక్స్ ధర 180 డాలర్లు, గేమ్‌బాయ్‌ది అందులో సగం. ఆట అంటే ప్రాణం పెట్టేవాళ్లు ఇదంతా భరిస్తారేమో. రైల్లో పది నిమిషాలు, పడుకునే ముందు పావుగంట ఆడేవాళ్లు మాత్రం తెర ఎన్ని రంగులు చూపిస్తుందో అడగరు, తీసిన ప్రతిసారీ వెలుగుతుందా లేదా అని చూస్తారు.

ఈ లెక్క ముందే వేసుకున్నవాడు, గేమ్‌బాయ్ తయారీ వెనక ఉన్న గున్‌పేయ్ యొకోయ్. 1965లో ఆయన నింటెండోలో చేరింది పేకముక్కలు తయారుచేసే యంత్రాల మరమ్మతు పనికి. తన సరదాకి చేసుకున్న, చాచితే సాగే ఒక పట్టకారు యజమాని హిరోషి యమౌచి కంటబడి 1966లో అల్ట్రా హ్యాండ్ అనే బొమ్మగా బయటికొచ్చింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఒకసారి బుల్లెట్ రైల్లో ఓ ఉద్యోగి తోచక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన గమనించాడు. షార్ప్, క్యాసియో పోటీ పుణ్యమా అని క్యాలిక్యులేటర్ తెరలు అప్పటికి బాగా చవకయ్యాయి. ఆ తెరలతోనే 1980లో గేమ్ అండ్ వాచ్ అనే జేబు ఆట తయారైంది. ఒక సాంకేతికత పాతబడి, దాని లొసుగులన్నీ బయటపడి, ధర దిగివచ్చాక దాన్ని ఎవరూ ఊహించని చోట వాడాలన్నది యొకోయ్ సూత్రం. ఆయన మాటే పూర్తిగా చెల్లి ఉంటే గేమ్‌బాయ్ ఇంకా చిన్న బొమ్మగా మిగిలేది. సహచరుడు సతోరు ఒకాడా పట్టుబట్టబట్టే దానికి పదేళ్లపాటు కొత్త ఆటలను మోయగల సత్తా వచ్చింది. యొకోయ్‌ని పొగిడేవాళ్లు ఒకాడాని సాధారణంగా తలుచుకోరు.

గేమ్‌బాయ్‌ని గెలిపించింది టెట్రిస్ అనీ, యంత్రం గొప్పేమీ లేదనీ ఒక అభ్యంతరం. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ 1984లో రాసిన ఆ ఆటను అమెరికాలో గేమ్‌బాయ్‌తో పాటే ఇచ్చిన మాట నిజం, దాని వల్ల పెద్దవాళ్లు కూడా కొన్న మాటా నిజం. అయితే ఆ ఆట ఆ తెర మీద ఎలా అమరిందో దగ్గరగా చూడాలి. తెరలో అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు. బొమ్మను చుక్క చుక్కగా కాకుండా, 8 చుక్కల చదరపు పలకలుగా పరుస్తారు. అంటే నిలువునా 18 పలకలు. టెట్రిస్ ముక్కలోని ఒక్కో గడి సరిగ్గా ఒక పలక, ముక్కలు పడే గుంత లోతు 18 గడులు. తెర పైనుంచి కిందిదాకా ఒక్క వరుస వృథా కాలేదు. ముక్క గడి గడికీ ఆగి దిగుతుంది కాబట్టి, పరుగులు తీసే మారియో వెనక కనబడే మసక ఇక్కడ ఇబ్బంది పెట్టదు. రంగు లేకపోయినా ఆకారం చాలు. ఈ ఆటకు గేమ్ గేర్ రంగులు కొత్తగా చేకూర్చేదేమీ లేదు, బ్యాటరీలు తినడం తప్ప. గేమ్‌బాయ్ మొహమే చూడని మన ఊళ్లలో కూడా తొంభైల్లో తిరునాళ్ల అంగళ్లలో బ్రిక్ గేమ్ అని అమ్మిన నలుపు తెలుపు డబ్బాలు ఇదే ఆటతో ఇంటింటికీ చేరాయి.

సెల్‌ఫోన్ల సంగతేమిటి, అక్కడ గెలుస్తున్నది కొత్త సాంకేతికతే కదా అంటారు. ఫోను కొనేది ముందు మాటల కోసం, ఫొటోల కోసం. దాని ఖర్చు ఆట మీద పడదు, ఛార్జింగ్ ఎలాగూ రోజూ పెట్టుకుంటారు. కాబట్టి కొలబద్ద మారలేదు, కొత్తది దానికి సరిపోయే రోజు వచ్చిందంతే. ఫోన్లో జనం మొదట మరిగిన ఆట కూడా 1997లో నోకియా 6110తో వచ్చిన పాము ఆటే, అదీ రంగుల్లేని తెర మీద.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం యొకోయ్ జీవితంలోనే ఉంది. 1995లో ఆయన తెచ్చిన వర్చువల్ బాయ్ అనే ఆట యంత్రం కూడా చవక దారే పట్టింది. అన్ని రంగుల దీపాలూ అమర్చడం ఖరీదు కాబట్టి ఎర్ర రంగొక్కటే చూపించేది. స్టాండు మీద పెట్టి తల వంచి చూడాలి, జేబులో పట్టదు, పక్కవాళ్లకు కనబడదు. ఏడాది తిరక్కుండానే మూతపడింది. దీన్నిబట్టి సూత్రం తప్పని అనలేం. చవకతనం ఆడేవాళ్లకు ఏ వెసులుబాటునూ ఇవ్వనప్పుడు లోపం లోపంగానే మిగిలిపోతుంది. యొకోయ్ 1996లో నింటెండో వదిలేసి, మరుసటేడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆయన చేయి పడిన చివరి యంత్రం వండర్‌స్వాన్‌ను బందాయ్ కంపెనీ 1999లో విడుదల చేసింది. ఒకే ఒక్క పెన్సిల్ బ్యాటరీతో ముప్ఫై గంటలు నడిచే నలుపు తెలుపు డబ్బా అది. పదేళ్ల కిందటైతే ఎదురుండేది కాదు. కానీ అప్పటికి వెనక వెలుగు లేని రంగుల తెరలు చవకయ్యాయి, గేమ్‌బాయ్ కలర్ రెండు బ్యాటరీలతోనే పది గంటలకు పైగా రంగుల్లో ఆడిస్తోంది. బందాయ్ 2000 డిసెంబరులో వండర్‌స్వాన్‌కు రంగుల తెర పెట్టక తప్పలేదు.