మీ పిల్లల క్లాసులో ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారు? అన్వేషణ పద్ధతి బోధన అంటే ఏంటి, తల్లిదండ్రులు ఏం చేయొచ్చు?

మీ పాప ఎనిమిదో తరగతి చదువుతోంది అనుకుందాం. సైన్స్ నోట్సు తీసి చూస్తే ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంది, టీచర్ టిక్కులూ ఉన్నాయి. అవే జవాబులు పక్కింటి అబ్బాయి నోట్సులోనూ అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. కానీ ‘‘ఇడ్లీ పిండి చలికాలం కంటే ఎండాకాలంలో ఎందుకు తొందరగా పులుస్తుంది?’’ అని అడిగితే, ‘‘అది మా సిలబస్‌లో లేదు’’ అంటుంది.

నిజానికి అది సిలబస్‌లో ఉంది. సూక్ష్మజీవుల పాఠమంతా దాని గురించే. పాఠానికీ వంటింటికీ ఉన్న సంబంధాన్ని కనుక్కునే అవకాశం మాత్రం పాపకు రాలేదు. ఆ అవకాశం ఇచ్చేదే అన్వేషణ పద్ధతి బోధన.

అసలు ఏమిటీ పద్ధతి?

మామూలు క్లాసులో టీచర్ ముందు సూత్రం చెబుతారు, తర్వాత ఉదాహరణ ఇస్తారు, చివర్లో ప్రశ్నలు అడుగుతారు. అన్వేషణ పద్ధతిలో ప్రశ్న ముందు వస్తుంది. పిల్లలు ఒక ఊహ చేస్తారు, దాన్ని పరీక్షిస్తారు, కనిపించింది రాసుకుంటారు, ఊహ తప్పయితే ఎందుకు తప్పిందో మాట్లాడుకుంటారు. సూత్రం ఆ తర్వాతే వస్తుంది.

ఇడ్లీ పిండినే తీసుకుందాం. ఒకేలాంటి మూడు గ్లాసుల్లో సమానంగా పిండి పోస్తారు. ఒకటి వెచ్చని చోట, ఒకటి నీడలో, ఒకటి కుండ నీళ్లలో పెడతారు. పిండి ఎంతవరకు ఉందో గ్లాసు మీద పెన్నుతో గీత గీసి, గంట గంటకూ చూస్తారు. ‘‘మూడు గ్లాసుల్లో పిండి సమానంగానే ఎందుకు ఉండాలి?’’ అని టీచర్ అడుగుతారు. వెచ్చదనంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని, అవి వదిలే వాయువు వల్లే పిండి పొంగుతుందని అప్పుడు చెబితే, ఆ మాటకు పిల్లల దగ్గర రుజువు ఉంటుంది. ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. టీచర్‌కు సమయం, క్లాసుకు కొంత మాటల సందడి ఉంటే చాలు.

చట్టం ఏం చెబుతోంది?

విద్యాహక్కు చట్టం–2009లోని 29వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పాఠ్య ప్రణాళిక రూపొందించే సంస్థ కొన్ని విషయాలు దృష్టిలో పెట్టుకోవాలి. కృత్యాలు, అన్వేషణ, పరిశోధన ద్వారా నేర్చుకోవడం వాటిలో ఒకటి. పిల్లలు భయం, ఆందోళన లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పగలగడం మరొకటి. జాతీయ విద్యా విధానం–2020 కూడా బోధన ప్రశ్నల మీద, అన్వేషణ మీద నడవాలని చెప్పింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 విద్యా ప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన సైన్స్ పుస్తకాల్లో ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’, ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ అనేవి విడిగా విద్యా ప్రమాణాలుగా ఉన్నాయి. అంటే పిల్లలు ప్రశ్న వేయడం కూడా నేర్చుకోవాల్సిన నైపుణ్యమే.

మరి క్లాసులో ఎందుకు కనిపించదు?

పరీక్షలో గైడు జవాబుకు మార్కులు వస్తున్నంత కాలం, ప్రయోగానికి పెట్టే పీరియడ్ వృథా అనిపిస్తుంది. సిలబస్ గడువులోగా పూర్తి చేయడం చట్టం ప్రకారం టీచర్ బాధ్యత. ఒకే టీచర్ రెండు మూడు తరగతులు చూసే బడిలో ఇది ఇంకా కష్టం. తల్లిదండ్రులుగా మనం కూడా నోట్సు నిండిందా లేదా అనే చూస్తాం.

పరీక్ష మారితే క్లాసు మారుతుందని చూపిన ఉదాహరణ మధ్యప్రదేశ్‌లో ఉంది. హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాలో 1972లో 16 బడుల్లో ఒక సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. 1978లో జిల్లా అంతా విస్తరించింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు జట్లుగా కూర్చుని, చిన్న కిట్లతో ప్రయోగాలు చేసేవారు. ‘బాల్ వైజ్ఞానిక్’ అనే వాళ్ల పుస్తకంలో ప్రశ్నలు ఉండేవి, జవాబులు పిల్లలే కనుక్కోవాలి. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లొచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. ‘సవాలీరామ్’ అనే కల్పిత పాత్రకు పిల్లలు తమ సందేహాలు ఉత్తరాలుగా రాసేవారు. 30 ఏళ్లు నడిచిన ఈ కార్యక్రమాన్ని 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది.

పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడమేనా?

కాదు. ఈ పద్ధతి మీద గట్టి విమర్శ కూడా ఉంది. ఒక విషయం కొత్తగా నేర్చుకునే పిల్లల్ని పెద్దగా సాయం లేకుండా ‘మీరే కనుక్కోండి’ అని వదిలేస్తే వాళ్లు తికమకపడతారని, నేరుగా నేర్పడమే మేలని కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో వాదించారు. అందుకే టీచర్ పాత్ర తగ్గదు, పెరుగుతుంది. ఏ ప్రశ్న వేయాలి, ఎక్కడ ఆధారం ఇవ్వాలి, చివర్లో విషయాన్ని ఎలా స్పష్టంగా చెప్పాలి అన్నది టీచరే చూసుకోవాలి. ఎక్కాలు, చదవడం, రాయడం సాధన చేయాల్సిందే. వాటికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

మీ పిల్లల బడిలో జరుగుతోందా?

నోట్సు తిరగేయండి. పాప సొంత మాటల్లో రాసిన పరిశీలన ఒక్కటైనా ఉందా? కొట్టేసి మళ్లీ రాసిన ఊహ కనిపిస్తే సంతోషించండి. ప్రాజెక్టు పని ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిందా, పాప చేసిందా? ‘‘ఈరోజు ఎన్ని మార్కులు?’’ అనే బదులు ‘‘ఈరోజు ఏం అడిగావు?’’ అని అడిగి చూడండి.

మీరు ఏం చేయొచ్చు?

టీచర్లు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అక్కడ హాజరు, మార్కులతో పాటు ఈ నెల ఏ కృత్యాలు చేయించారో మర్యాదగా అడగండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో కనీసం 75 శాతం మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. ప్రభుత్వ బడుల్లో అభివృద్ధి ప్రణాళిక తయారు చేసేది ఆ కమిటీయే. సైన్స్ కిట్, టీచర్ల కొరత వంటివి అందులో రాయించొచ్చు.

ప్రశ్న అడిగినందుకు పిల్లల్ని కొట్టినా, అవమానించినా అది వేరే విషయం. శారీరక దండన, మానసిక వేధింపులను 17వ సెక్షన్ నిషేధించింది. ముందు హెడ్‌మాస్టర్‌తో మాట్లాడండి. ఫలితం లేకపోతే 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. మూడు నెలల్లోగా దానిపై నిర్ణయం తీసుకోవాలి.

అయితే ప్రయోగం చేయించలేదని టీచర్‌ మీద ఫిర్యాదుకు పరుగెత్తకండి. చాలామంది టీచర్లకు చేయించాలనే ఉంటుంది. సిలబస్ రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదని తల్లిదండ్రుల నోటి నుంచి వింటే, వాళ్లకు అదే పెద్ద ధైర్యం.